దారీన్ రేవులో ముట్టని కాఫీ

సముద్రం రోజుకి రెండుసార్లు లేచి వెళ్ళిపోయి, మళ్ళీ తిరిగొచ్చే ఊరొకటి చూసి వచ్చాను. ఊరి పేరు దారీన్. సౌదీ దేశంలో తూర్పు ఒడ్డున, తారూత్ అనే లంకకి కొసన ఉంటుంది.

నేను భీమిలి దగ్గర చేపల పల్లెలో పుట్టాను, అక్కడే మెట్టాను. నలభై ఏళ్ళు నెత్తిన గంప మోశాను. చదువు మూడో తరగతి. ఇది రాసింది నేనే, అక్షరాలు దిద్దింది మా మనవరాలు. వచ్చిన దగ్గర్నుంచీ మా వీధి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి "అక్కడేం చూశావో చెప్పు" అని కూర్చుంటున్నారు. ఒకటే కథ ఇరవై మందికి ఇరవైసార్లు చెప్పి, ఇరవైసార్లు టీ కాచే ఓపిక నాకు లేదు. రాసేస్తే చదవగలిగినవాళ్ళు చదువుకుంటారు, లేనివాళ్ళు చదివించుకుంటారు.

ఊరు చూడ్డానికని వెళ్ళలేదు. డబ్బు పెట్టి ఊళ్ళు చూసే అలవాటు మా ఇంట లేదు. మా తమ్ముడు ఎల్లాజీ కాలు దక్కించుకుందామని వెళ్ళాను.

ఎల్లాజీ తొమ్మిదేళ్ళుగా దారీన్‌లో ఒక ముసలాయన దగ్గర చేపలు పడుతున్నాడు. మొన్న ఎండాకాలంలో టేకు చేప తోక ముల్లు పాదంలో దిగింది. అసలే వాడికి షుగరు. పుండు మానలేదు. మా అమ్మాయి పైడి దమ్మామ్‌లో ఆసుపత్రి నర్సు. వాడి కాలు చూసి నాకు ఫోన్ చేసింది. "అమ్మా, మావయ్య పాదం రంగు మారింది. ఉప్పునీళ్ళలో దిగడం మానకపోతే ఇన్ఫెక్షన్ ఎముకలోకి వెళ్తుంది. పాదం తీసేయాల్సొస్తుంది. నేను చెప్తుంటే నవ్వేస్తున్నాడు. మావయ్య భయపడేది నీ ఒక్కదానికే. నువ్వు రా" అంది. వీసా, టిక్కెట్టు తనే పంపింది. టిక్కెట్టు వెనక్కిస్తే డబ్బు రాదంది. ఇంక చేసేదేముంది, బయల్దేరాను.

మా మరదలికి, అంటే ఎల్లాజీ భార్యకి, కాలి సంగతి తెలీదు. "కూతుర్ని చూసి వస్తాను" అని మాత్రం చెప్పి వెళ్ళాను.

దమ్మామ్

ఒట్టి చేతులతో వెళ్ళకూడదని పెట్టెలో మూడు కిలోల ఎండు నెత్తళ్ళు పెట్టుకున్నాను. నా చేత్తో ఉప్పునీళ్ళలో ముంచి ఎండబెట్టినవి. అయిదు సంచుల్లో చుట్టినా వాసన ఆగలేదు. దమ్మామ్‌లో దిగగానే పెట్టె తెరిపించారు. అధికారి ఒక పొట్లం ముక్కు దగ్గర పెట్టుకుని, పక్కాయనకి అందించి ఏదో అన్నాడు. పారేస్తారనుకున్నాను. ఇద్దరూ నవ్వుకుని, నేను సర్దినదాని కంటే పొందిగ్గా సర్ది, పెట్టె వాళ్ళే మూసిచ్చారు. చీరలు మాత్రం వారం దాకా నెత్తళ్ళ వాసన వదల్లేదు.

దమ్మామ్ చమురు ఊరు, ఓడల ఊరు. రోడ్లు మా ఊరి పంట కాలవకి పదింతలు వెడల్పు. వాటి మీద నడిచే మనిషి కనబడడు. వారం సెలవు నాడు మాత్రం పనివాళ్ళ గదుల దగ్గర బజారు నిండిపోతుంది. అక్కడ కరీంనగర్ వాళ్ళ తెలుగు విన్నాను, కడప వాళ్ళ తెలుగు విన్నాను. మా యాస వినబడితే వెనక్కి తిరిగి చూశాను, శ్రీకాకుళం మనిషి. కరివేపాకు కట్ట ధర అడిగి అక్కడే పెట్టేశాను. ఆ డబ్బుకి మా ఊళ్ళో చెట్టే వస్తుంది.

పైడిని రోజూ ఆసుపత్రికి తీసుకెళ్ళే కారు మస్తాన్‌ది. రాయచోటి మనిషి, పదిహేనేళ్ళ నుంచి అక్కడే. అరబ్బీ నీళ్ళు తాగినట్టు మాట్లాడతాడు. ఖతీఫ్, తారూత్, దారీన్ మూడూ అతనే తిప్పాడు.

కారెక్కగానే, "అవ్వా, ముందర బెల్టు పెట్టుకో. ల్యాకుంటే ఫైన్ ఏస్తారు" అన్నాడు.

"ఎంతేటి?"

"నూటయాభై రియాళ్ళు."

రియాలంటే మన డబ్బులో ఇరవై పైన. ఊపిరాడనంత బిగించుకున్నాను.

ఖతీఫ్ చేపల బజారు

దమ్మామ్ నుంచి అరగంటలో ఖతీఫ్. ఎడారి దేశం కదా, ఇసక తప్ప ఏముంటుంది అనుకున్నాను. కళ్ళు నావే కావనిపించింది. ఎటు చూసినా ఖర్జూరపు తోటలు. భూమిలోంచి తియ్యటి నీళ్ళు ఊరే చోటట అది. అందుకనే వేల ఏళ్ళ నుంచి మనుషులున్నారట.

ఇక చేపల బజారు చూడాలి. పెళ్ళి మండపాలు నాలుగు కలిపినంత కట్టడం. చలవరాతి బల్లలు, మంచుగడ్డల గుట్టలు. ఈగ లేదు. ఇంత చేప ఉన్నచోట ఈగ లేకపోవడం నా జన్మలో అదే చూడ్డం. రొయ్యలు, పీతలు, మన వంజరం, మన సందువాయి. హమూర్ అనే మచ్చల చేపంటే వాళ్ళకి ప్రాణం. అదీ మన దగ్గర పడే బొంత చేపే. అక్కడ కిలో అరవై రియాళ్ళు. మన మనిషి రెండు రోజుల కూలి.

ఒక్క లోటు కనిపించింది. అమ్మే ఆడది లేదు. మా దగ్గర మగవాడు చేప ఒడ్డుకి తెచ్చేవరకే. ఇసక మీద పడ్డాక అది ఆడదాని సొత్తు. వేలం పాడేది, బేరం ఆడేది, డబ్బు కొంగున కట్టేది మేమే. అక్కడ అమ్మేవాళ్ళందరూ మగాళ్ళు. కొనడానికొచ్చిన నల్లబురఖాల ఆడవాళ్ళు మాత్రం మొప్పలెత్తి చూసే తీరు అచ్చం మాదే. అది చూసి నా కడుపు నిండింది.

బంగ్లాదేశ్ కొట్టువాడొకడు నేను చేప పట్టుకునే తీరు చూసి నవ్వి, గాజుగ్లాసులో టీ తెప్పించాడు. నేను ముట్టలేదు. పైడి నా చెయ్యి గిల్లింది.

"తాగమ్మా, మర్యాదకిచ్చాడు."

"రొయ్యల ధర తేలనీ."

ఇది మా అమ్మమ్మ నేర్పిన పాఠం. మా రేవులో వేలం ముందు వ్యాపారులు ఆడవాళ్ళకి టీ ఇప్పిస్తారు. తాగిన దాని నోట్లో మాట మెత్తబడుతుంది. పది రూపాయల టీకి గంప మీద వంద తగ్గించేస్తుంది. పని మీద వెళ్ళిన చోట పని తేలకముందు నోట్లో ఏమీ వేసుకోకూడదు, ఎదుటివాడి ఉప్పు తిన్నాక గట్టిగా అడగలేవు అనేది మా అమ్మమ్మ. నలభై ఏళ్ళలో ఒక్కసారి ఆ మాట దాటలేదు. రొయ్యల ధర తగ్గించాడు. అప్పుడు తాగాను. చల్లారిపోయింది, అయినా తాగాను.

అక్కడే నా మనసులో ఇంకో లెక్క కూడా నడిచింది, దాచను. మా ఇంటికి ఫైబర్ బోటులో సగం వాటా ఉంది. నడిపే సరంగు పారాదీప్ వెళ్ళిపోయాడు. ఎల్లాజీ వస్తే కాలు నయం అవుతుంది, బోటుకి సరంగు దొరుకుతాడు. ఒక్క వలకి రెండు చేపలు అనుకున్నాను.

తారూత్ దిబ్బ

ఖతీఫ్ నుంచి సముద్రం మీద వేసిన రోడ్డు దాటితే తారూత్ లంక. నడిమధ్యన దిబ్బ, దిబ్బ మీద మట్టిరంగు కోట. ఆ కోట పోర్చుగీసు వాళ్ళ కాలం నాటిదంటారు. దాని కింద తవ్వితే ఇంకా పాతవి, వాటి కింద ఇంకా పాతవి బయటపడ్డాయట. ఒక గోడ మీద ఇంకో గోడ, ఒక కాలం మీద ఇంకో కాలం. మా భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులున్నాయి, వాటినే మేం మహా పాతవి అనుకుంటాం.

దిబ్బ పక్కన ఊట బావి. ఒకప్పుడు ఊరి ఆడవాళ్ళందరూ అక్కడే స్నానాలు, ఉతుకులు, కబుర్లూనట. ఇప్పుడు ఎండిపోయింది.

"అవ్వా, సముద్రం అడుగున గూడా మంచినీళ్ళు ఊరతా ఉన్నెంట," అన్నాడు మస్తాన్. "ముత్యాలకు మునిగేటోళ్ళు తోలుసంచి తీసుకోని ఉప్పునీళ్ళ కిందికి మునిగి, అడుగున మంచినీళ్ళు పట్టుకోని పైకొస్తా ఉన్నారంట."

"నన్ను ఆటపట్టిస్తున్నావేటి?"

"అల్లా తోడు. ఎవుర్నన్నా అడుగు."

తర్వాత అడిగాను. నిజమే. అంత ఉప్పు కింద తీపి దాచిన సముద్రం గురించి నేను వినడం ఇదే.

దారీన్

లంకకి దక్షిణపు కొసన దారీన్. చిన్న రేవు. ఒక పక్క మా వాటిలాంటి ఫైబర్ బోట్లు, ఒక పక్క పొడుగు ముక్కుల కొయ్యపడవలు. నీటి ఒడ్డునే ఒక ముత్యాల వర్తకుడు కట్టించిన మేడ తాలూకు మొండిగోడలు. సముద్రం వాటిని కొంచెం కొంచెంగా తినేస్తోంది.

ఇంత చిన్న రేవుకి ఎంత పేరో వినండి. మన దేశపు కస్తూరి, సుగంధాలు, నూలుబట్టలు ఓడల్లో ఇక్కడే దిగేవట. అరబ్బులకి కస్తూరి అంటే దారీన్ కస్తూరే. అత్తరు అమ్మేవాణ్ణి పాతకాలంలో ఈ ఊరి పేరుతోనే పిలిచేవాళ్ళట. తర్వాత ముత్యాలు. ముక్కుకి చీలిక కర్ర తగిలించుకుని, కాలికి రాయి కట్టుకుని మునిగేవాళ్ళు. జపాను వాళ్ళు ముత్యాలు పెంచడం నేర్చాక ఆ బేరం పోయింది. అంతలో ఇసకలో చమురు పడింది. పిల్లలందరూ కంపెనీలకి వెళ్ళిపోయారు. మిగిలింది చేపలు, వాటిని వదలని కొందరు ముసలివాళ్ళు.

రేవులో ఎల్లాజీ కనిపించాడు. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చేతిలో చేతివల. నన్ను చూసి వల కింద పడేశాడు. మా వైపు అక్కని అప్పా అంటారు.

"అప్పా! నువ్వేటి ఇక్కడ? ఎప్పుడొచ్చీసినావు? నాకు సెప్పనేదేటి?"

"సెప్తే నువ్వు పడవెక్కి పారిపోదువు. ఆ బూటు ఇప్పు."

"ఇప్పుడేటప్పా, ఆటు టైమయిపోతన్నాది. సేపల కంచెకెల్లాల."

"ఇప్పన్నాను."

వాడికి యాభై ఎనిమిదేళ్ళు. నా ముందు ఆరేళ్ళవాడిలా కూర్చుని బూటు లాగాడు. బూటులోంచి నీళ్ళు కారాయి. పాదం చూశాను. చేపల దాన్ని, కుళ్ళు ఎక్కడ మొదలైందో వాసనతో చెప్పగలను.  పైడి వంగి చూసి, వాడి బొటనవేలు నొక్కి, "తెలుస్తోందా మావయ్యా?" అంది. వాడు సముద్రం వైపు చూస్తూ "తెలస్తన్నాది" అన్నాడు. పైడి నొక్కడం మానేసి చాలాసేపు అయింది అప్పటికి.

"ఈ సీజనొక్కటీ అవ్వనీ అప్పా," అన్నాడు.

"నీ కాలికి తెలుసేటిరా సీజను?"

కంచె లోపలికి

నేను వద్దన్నా వినకుండా వాడు వెళ్ళాడు, నేనూ వెంట వెళ్ళాను. మధ్యాహ్నం ఆటు. మా సముద్రం వచ్చి కొడుతుంది. వాళ్ళ సముద్రం చెప్పకుండా వెళ్ళిపోతుంది. గంట కిందట నీళ్ళున్న చోట నడుచుకుంటూ పోయాం. పక్కన మడచెట్లు, బురదలో కొంగలు. నా చెప్పు ఒకటి బురద మింగేసింది. మోచేతి దాకా పెట్టి వెతికినా దొరకలేదు. కొత్త జత. రెండోది పారేయడానికి మనసొప్పక చేత్తో పట్టుకునే నడిచాను. ఇప్పటికీ ఇంట్లో ఉంది.

అక్కడ కనిపించింది కంచె. వాళ్ళ భాషలో హద్రా. ఖర్జూరపు మట్టలు వరసగా సముద్రంలో పాతి, తాళ్ళతో అల్లిన తడిక. ఒడ్డు వైపు నుంచి లోపలికి పొడుగ్గా వెళ్ళి, కొసన గుండ్రంగా గదిలా ముడుచుకుంటుంది. మన కాలవల్లో చేపలకి పెట్టే మావు బుట్ట లాంటిదే, కానీ ఇల్లంత మావు. పోటుకి చేప మేతకని ఒడ్డుకొస్తుంది. ఆటుకి నీళ్ళతో వెనక్కి పోబోతే తడిక అడ్డం. తడిక పక్కనే ఈదుకుంటూ దానంతట అదే గదిలోకి పోతుంది. గదికి దారి లోపలికే ఉంటుంది, బయటికి కనపడదు. నూనె లేదు, ఇంజను లేదు, వల చిరగడం లేదు. చందమామ చేపని తోలుకొస్తే మనిషి వెళ్ళి ఏరుకుంటాడు. ఇంత పొదుపైన వేట నేనెక్కడా చూడలేదు. ఇది ఎవడు కనిపెట్టాడో గానీ వాడి తల్లికి దండం పెట్టాలి.

ఎల్లాజీ గదిలోకి దిగి చేతివలతో సాఫీ అనే చేపలు తోడాడు. నడుము వంచే తీరు, వల తిప్పే తీరు, మా నాన్నే. నాలుగోసారి తోడేసరికి తడిక పట్టుకుని నిలబడిపోయాడు. నొప్పి వల్ల కాదు, కింద పాదం ఎక్కడ పడుతోందో తెలియక.

తిరిగొచ్చేటప్పుడు చెప్పాడు.

"ఆ దినం టేకు పొడిసినప్పుడు మా ముసలాయన అబూ సాలే నన్ను బుజమ్మీదేసుకొని ఇంత దూరం ఒడ్డుకి మోసినాడప్పా. డెబ్బై దాటినోడు. ఈ కంచె వాళ్ళ తాత ఏసినాడట. కొడుకులు కంపెనీల్లో ఉన్నారు, ఒక్కడు దిగడు. నానెల్లిపోతే కంచె పడిపోద్ది. పుండు మానిపోనాదని ఆయనకి సెప్పీసినాను. ఇప్పుడు ఏ మొకం ఎట్టుకొని ఇంటికెల్తానని అడగను? ఆయన ఉప్పు తిన్నాను."

"నాను తిన్నేదు గదా," అన్నాను. "నాను అడుగుతాను."

అబూ సాలే ఎల్లాజీకి కఫీల్. అంటే పూచీ పడి పనికి పెట్టుకున్న మనిషి. ఆయన సరే అంటే కాగితాలు సాఫీగా నడుస్తాయి. కాగితాల కంటే ముందు మా వాడి నోరు పెగలాలి. అది పెగలదని తేలిపోయింది.

మూడు కప్పులు

సాయంత్రం అబూ సాలే ఇంటికి వెళ్ళాం. అక్కడ మగవాళ్ళు కూర్చునే గది వేరు, ఆడవాళ్ళ గది వేరు. నేను ఆయనతోనే మాట్లాడాలన్నానని వాకిట్లో తివాచీ పరిపించి, ఆయనా, ఆయన భార్యా ఇద్దరూ వచ్చి కూర్చున్నారు. ఆయన తెల్లగడ్డం, ఎండకి కమిలిన మెడ. ఆవిడని ఉమ్ సాలే అంటారు, అంటే సాలే తల్లి. నా ఈడుదే. పెద్దకొడుకు పేరుతో తల్లినీ తండ్రినీ పిలవడం వాళ్ళ పద్ధతి. మనం ఫలానా వాడి అమ్మ అన్నట్టే.

నెత్తళ్ళ పొట్లం ముందు పెట్టాను. ఆయన విప్పి వాసన చూసి, ఒకటి నోట్లో వేసుకుని నమిలాడు. కళ్ళు మూసుకున్నాడు.

"చిన్నప్పుడు వాళ్ళమ్మ ఇట్టనే ఎండబెడతా ఉన్నెంట అవ్వా," అన్నాడు మస్తాన్. "ఇప్పుడు ఇంట్లో ఎవురూ చేయరంట."

నాలుగు తిన్నాడు. నేను లెక్కపెట్టాను. ఆయన నా ఉప్పు తిన్నాడు, నేనింకా ఆయనది తినలేదు అనుకున్నాను.

ఉమ్ సాలే ముక్కు పొడుగు చెంబులోంచి కాఫీ వంచింది. పసుపు రంగు కాఫీ, ఏలకుల వాసన, కుంకుమ భరిణంత కప్పు. పక్కన ఖర్జూరాలు. అందుకుని, కప్పు నా ముందు తివాచీ మీద పెట్టేశాను.

పైడి గొణిగింది. "అమ్మా, కాఫీలో ఉప్పేముంది? తాగు."

"మర్యాదంతా ఉప్పే. మాట తేలనీ."

 ముందు ఉమ్ సాలే పసిగట్టింది. మొగుడి చొక్కా అంచు పట్టి లాగి, కళ్ళతో నా కప్పు చూపించింది. ఆయన నెత్తళ్ళ పొట్లం పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, సర్దుకుని నిటారుగా కూర్చున్నాడు. మొహంలో నవ్వు లేదు. మస్తాన్‌తో రెండే మాటలన్నాడు. మస్తాన్ మొహం తెల్లబోయింది.

"అవ్వా, ఏం చేసినావో నీకు తెలుసునా? ఈళ్ళల్లో పెద్ద కోరిక మీద వచ్చినోళ్ళే ఇట్ట కాఫీ ముట్టకుండా కింద పెడతారు. ఇంటాయన 'నీ పని అయింది, తాగు' అనేదాకా తాగరు. వచ్చినోళ్ళు తాగకుండా లేసిపోతే ఆ ఇంటికి ఊర్లో తలెత్తుకోను ల్యా. ఏం కావాలో అడుగు అంటాండాడు."

బేరంలో నోరు మెత్తబడకూడదని నేను నేర్చుకున్న పట్టు అది. ఆయన దాన్ని తన ఇంటి పరువు మీద పెట్టుకున్నాడు. నాకు సిగ్గేసింది. కానీ పాదం గుర్తొచ్చింది.

"మా తమ్ముణ్ణి ఇంటికి పంపండి," అన్నాను. "సీజనయ్యాక కాదు. ఇప్పుడే."

మస్తాన్ చెప్పాడు. ఎల్లాజీ తివాచీ అంచులో పోగులు లాగుతున్నాడు. అబూ సాలే వాడివైపు తిరిగి వేలితో కాలు చూపించాడు. వాడు కట్టు విప్పక తప్పలేదు. ముసలాయన వంగి చూసి, తన తొడ మీద తనే చరుచుకుని, గొంతు పెంచి ఒకటే మొదలుపెట్టాడు.

"ఏటంటున్నాడు?" అన్నాను.

"తిడతాండాడు లే అవ్వా, మంచికే. 'మానిపోయిందని నాతో అబద్ధం చెప్తావా? పడిపోతే కంచె మళ్ళీ ఏసుకుంటా. కాలు యాడ నాటితే మొలుస్తాదిరా?' అంటాండాడు."

ఎల్లాజీ ఏడుస్తున్నాడు. ఉమ్ సాలే వాడి వీపు మీద చెయ్యి వేసింది. ముసలాయన నా కప్పు చూపించి ఒక మాటన్నాడు. అది మస్తాన్ చెప్పకుండానే అర్థమైంది. నీ పని అయింది, తాగు.

నేను చెయ్యి చాచాను. ఆయన అరచెయ్యి అడ్డం పెట్టాడు. భార్య చేత తనకో కప్పు పోయించుకుని, తాగకుండా, తెచ్చి నా ముందు తివాచీ మీద పెట్టాడు.

మస్తాన్ మెల్లగా అన్నాడు. "ఇప్పుడు ఆయప్పకూ ఒక కోరిక ఉండాదంట, నీతో."

"నా దగ్గరేముంది?"

"'ఇంటికి తీసుకుపోయి మళ్ళా సముద్రంలో దింపొద్దు. నీ తమ్ముడు చేపలోడు, దిగుతా అంటాడు. మీరూ చేపలోళ్ళే, సరే దిగు అంటారు. దింపనని మాటియ్యి' అంటాండాడు."

ఆయనకి మా బోటు సంగతి ఎవరూ చెప్పలేదు. ఏ ఒడ్డునైనా చేపల ఇళ్ళలో నడిచే లెక్క ఒకటేనని ఆయనకి తెలుసు, అంతే. ఇసకలో ఊరికే పడి ఉన్న బోటు నా కళ్ళ ముందు కనబడింది. పైడి నా మొహం చూస్తోంది. ఎల్లాజీ చూస్తున్నాడు. 

"దింపను," అన్నాను. "గంగమ్మ తల్లి సాక్షి."

గంగమ్మని మస్తాన్ అరబ్బీలో ఏమన్నాడో నాకు తెలీదు. ముసలాయన తలూపి తన కప్పు తీసి తాగాడు. నేనూ తాగాను. చేదు. మింగాక గొంతులో ఏలకుల తీపి నిలుస్తుంది. కప్పు ఖాళీ అవగానే ఉమ్ సాలే నింపింది. తాగాను. మళ్ళీ నింపింది. పారబోయకూడదు కదా అని మూడోదీ తాగాను. నాలుగోదానికి మస్తాన్ నవ్వాపుకోలేక, "చాలంటే కప్పు అటూ ఇటూ ఊపల్ల అవ్వా, ల్యాకుంటే ఆయమ్మ పోస్తానే ఉంటాది" అన్నాడు. ఊపాను. ఉమ్ సాలే పొట్ట పట్టుకుని నవ్వింది.

తర్వాత భోజనం. ఖర్జూరపు పాకంతో వండిన అన్నం, మీద వేపిన సాఫీ చేప. ముత్యాలకి మునిగేవాళ్ళు బలానికి తినేవాళ్ళట. చక్కెర పొంగలిలో చేపవేపుడు నంజుకున్నట్టుంటుంది. మొదటి ముద్దకి మొహం చిట్లించాను, మూడో ముద్దకి మళ్ళీ వడ్డించుకున్నాను. ఎల్లాజీ పట్టిన చేప అది. వాడు ఆ సముద్రంలో పట్టిన ఆఖరు చేప.

మా రేవులో

కాగితాలకి పద్దెనిమిది రోజులు పట్టింది. అన్ని రోజులూ అబూ సాలే వాణ్ణి నీళ్ళ దగ్గరికి రానివ్వలేదు. తనే బూట్లేసుకుని కంచెకి వెళ్ళాడు. బయల్దేరే నాడు ఉమ్ సాలే నాకు ఖర్జూరాల డబ్బా, కాఫీ కప్పు ఒకటి ఇచ్చింది. కప్పుని చీర మధ్యలో చుట్టి తెచ్చాను, పగల్లేదు.

విశాఖ పెద్దాసుపత్రిలో రెండు వేళ్ళు తీశారు. పాదం నిలిచింది. మరదలు నాతో నెల రోజులు మాట్లాడలేదు, ఇప్పుడు మాట్లాడుతోంది. సరంగు దొరక్క బోటు రెండు నెలలు ఇసకలోనే ఉంది. చివరికి మా వాటా అమ్మేశాను. దాని గురించి ఇంతకన్నా రాయను.

ఎల్లాజీ ఇప్పుడు మేజోళ్ళు, చెప్పులు వేసుకుని రేవులో కూర్చుంటాడు. వలలు బాగుచేస్తాడు. వేలంలో నా తరఫున పాట అందుకుంటాడు, గొంతు బాగానే ఉంది. మొన్న సాయంత్రం మా అరుగు మీదికి వచ్చాడు. చక్కెర లేని టీ ఇచ్చాను. తీసుకుని, తాగకుండా నా ముందు నేల మీద పెట్టాడు. నావైపు చూడలేదు, సముద్రం వైపు చూశాడు. పోటు వస్తోంది. మోకాలి లోతు దాకా దిగితే చాలని వాడి కోరిక. వాడు అనకపోయినా నాకు తెలుసు.

ఏం కావాలని నేను అడగలేదు. టీ చల్లారింది. పారబోసే అలవాటు మా ఇంట లేదు. లోపలికి తీసుకెళ్ళి వెచ్చబెట్టి, మళ్ళీ వాడి ముందే పెట్టాను. మళ్ళీ చల్లారింది. మళ్ళీ వెచ్చబెట్టాను.

మూడోసారి తాగాడు.